వెనక గోడ వాన

కుర్మయ్య మోటరు మూడోసారి కాలింది.
కమురు వాసన కొట్టే రాగితీగతోని
కల్వకుర్తిల నా కొట్టు ముందర దించిండు.
విప్పి, తీగ చుట్టి, వార్నిష్ ఆరబెట్టి ఇస్తే
పైసలకు బదులు
ఒక నల్ల డబ్బా బల్ల మీద పెట్టిండు.
"తమ్ముంది. పట్నంల కొన్నడు. ఆటలాడేదట.
పత్తి అమ్మినంక ఇడిపించుకుంట."

ఆటలు నాకు రావు.
ఒక మీట నొక్కితే ఎవడో ఉరికిండు,
ఇంకోటి నొక్కితే గోడకు గుద్దుకొని సచ్చిండు.
పాపమనిపించి ఆపిన.

వైండింగ్ చేసేటోడు ఏ వస్తువునైనా
మొదలు వెనకకు తిప్పి చూస్తడు.
ముఖంల ఏమున్నది, అంతా వెనకనే.
అక్కడ చిన్న చదరపు రంధ్రం,
దాంట్ల బీడీ కొసంత ఎర్ర వెలుగు.
అజీముద్దీన్ వంగి చూసి చెప్పిండు:
"భాయ్, దీంట్లకెళ్లి ఆవాజ్ వెలుగై వస్తది."
ముప్పై ఏండ్ల సంది రాగి చుట్టుతున్నోన్ని.
రాగి లేకుంట ఆవాజ్ ఎట్ల నడుస్తదో
ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే.

ఆయనే సెట్టింగులల్లకు పోయి
ఒక్క మాట నేర్పిండు:
ఆవాజ్ మూటను డబ్బా విప్పొద్దు,
కట్టింది కట్టినట్టే పంపాలె,
ఎవరింటికి పోతదో వాళ్లే విప్పుకోవాలె.

ఇంక తర్వాత అంతా పిచ్చే.
మూతబడ్డ టాకీసు తెర వెనకది ఒకటి,
పెండ్లి బ్యాండోల్లది ఒకటి,
ఆటో సీటు కింద దుమ్ము తిన్నయి రెండు,
నడిమి దానికి కాయిలు నేనే చుట్టిన.
ఉరుములకు వేపచెక్క పెట్టె వేరే.
కూసునే జాగ నుంచి దారం పట్టి కొలిచిన,
ఏడడుగులు అటు, ఏడడుగులు ఇటు.
మంచం కదిలించొద్దని యశోద మీద అరిచిన.
మంచం కదలలే.
నా పక్కే అర్రల నుంచి అరుగు మీదికి కదిలింది.

డిస్కుల ఏ దేశందో అడవి.
డబ్బా దాన్ని మింగి, చాట చెరిగినట్టు చప్పుడు చేసి,
బొమ్మ తెచ్చింది.
ఆకు మీద చీమ కాళ్లు లెక్కపెట్టొచ్చు.
చీకటంటే చీకటే, బూడిద రంగు కాదు.
అంతవరకు మంచిగనే ఉన్నది.
అప్పుడు వాన పడ్డది,
ముందర కాదు, బొమ్మల కాదు,
నా మెడ వెనక.
ఎడమ చెవికాడ నాలుగు చుక్కలు,
కుడి చెవి దాకా నడిచి,
ఇంక ఇల్లంతా.

పక్కింటి జంగమ్మ డాబా మీదికి ఉరికింది.
ఆరబోసిన మిరపకాయలన్ని కొంగుల కెత్తుకొని
తలెత్తి చూస్తే
మొగులు లేదు, నిండ చుక్కలు.
ఆ రాత్రి ఆమె తిట్టిన తిట్లు
నా ఐదు బాక్సులల్ల పట్టవు.

పత్తి అమ్మినంక కుర్మయ్య వచ్చిండు.
బోరు సంగతి నేను అడగలే.
నడుమ స్టూలు మీద కూసోబెట్టి
అదే డిస్కు ఏసిన.
చెట్టును చూడలే, చీమను చూడలే.
వాన మొదలుకాంగనే లేచి
స్టూలు తిప్పుకొని
టీవీకి వీపు పెట్టి కూసున్నడు.
ఎదురుంగ సున్నం గోడ,
ఒక మేకు, పోయినేడాది క్యాలెండరు.
తలకాయ అటు ఇటు తిప్పుకుంట
ఏ చెలక మీద ఎక్కువ పడుతున్నదో
ఒల్లు దగ్గరపెట్టుకొని ఇంటున్నడు.

"జెర పెంచు."
పెంచిన.
ఆయన తెచ్చిన నోట్లు వేపచెక్క పెట్టె మీద
ఉరుము ఉరుముకు ఇంచింత జరుగుతున్నయి.
అంచు దాకా వచ్చినయి.
ఇద్దరం చూసినం, ఎవరం పట్టుకోలే.

కరెంటు పోయింది.
చీకట్ల స్టూలు చప్పుడు కాలే.
మీదికెళ్లి జంగమ్మ కేకేసింది:
"ఓ వైండింగాయనా!
గిప్పుడు ఆగింది నీ వానా, మన వానా?"

నేను నోరు తెరిచిన.
"చెప్పకు" అన్నడు కుర్మయ్య.